యుద్ధచిత్రాలలో సైనిక సామగ్రి: సేకరణ, అనుకృతి, ప్రామాణికత

వ్యాససంగ్రహం:

యుద్ధం ఇతివృత్తంగా గల చలనచిత్రాలలో కనిపించే తుపాకులు, ట్యాంకులు, విమానాలు, జలాంతర్గాములు, సైనిక దుస్తులు ఎక్కడినుంచి వస్తాయి, దొరకనివాటిని ఎలా నిర్మిస్తారు, ఆ క్రమంలో ప్రామాణికతకూ భద్రతకూ చట్టానికీ మధ్య ఎటువంటి ఘర్షణ ఏర్పడుతుంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. భరతుని ఆహార్యాభినయ వివేచనను నేపథ్యంగా స్వీకరించి, ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలపై వచ్చిన కొన్ని ప్రసిద్ధ చిత్రాలను, తెలుగులో వచ్చిన ‘కంచె’, ‘ఘాజీ’ చిత్రాల సందర్భాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆహార్యం, పుస్తం, రంగసామగ్రి, యుద్ధచిత్రం, ప్రామాణికత, ఆయుధ భద్రత.

ప్రవేశిక:

1919లో విడుదలైన ఫ్రెంచి మూకీచిత్రం ‘జాక్యూజ్’లో యుద్ధంలో మరణించినవారు లేచి ఊళ్లలోకి నడిచివచ్చే సన్నివేశం ఉంది. దర్శకుడు ఆబెల్ గాన్స్ ఆ సన్నివేశానికి నటులను కాక, సెలవుపై వచ్చిన నిజమైన సైనికులను ఉపయోగించాడు. వారి ఒంటిమీది దుస్తులు, కాళ్లకున్న బూట్లు, వాటికంటిన బురద ఏవీ అనుకరణలు కావు. వారిలో చాలామంది తిరిగి యుద్ధరంగానికి వెళ్లి మరణించారని గాన్స్ తరువాతి కాలంలో చెప్పాడు. యుద్ధచిత్రంలో ప్రామాణికత అనేదానికి ఇంతకంటే తీవ్రమైన ఉదాహరణ చూపడం కష్టం. అయితే ఆ అవకాశం యుద్ధం జరుగుతున్న కాలంలో మాత్రమే ఉంటుంది. ఆ తరం గడిచిన తరువాత తీసే ప్రతి చిత్రమూ వస్తువులను వెదకాలి, అరువు తెచ్చుకోవాలి, లేదా చేయించుకోవాలి.

సాహిత్య విమర్శలో చారిత్రక నవలలోని దేశకాల ఔచిత్యం గురించి విస్తృతమైన చర్చ జరిగింది. కాకతీయుల కాలపు పాత్ర మిరపకాయ కొరికితే విమర్శకుడు ఊరుకోడు. చలనచిత్రంలోని వస్తువుల విషయంలో మాత్రం ఆ నిశితత్వం తక్కువగా కనిపిస్తుంది. నవలలో ‘తుపాకి’ అన్న ఒక్క మాటతో సరిపోతుంది. తెరమీద మాత్రం ఏదో ఒక తుపాకి కనిపించక తప్పదు. దానికొక నమూనా, తయారైన సంవత్సరం, కర్మాగారం ఉంటాయి. రచయిత మౌనంగా దాటవేయగలిగినదాన్ని కళాదర్శకుడు దాటవేయలేడు.

భరతుని ‘పుస్తం’:

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. ఆహార్యంలో మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అన్న విభాగాలున్నాయి. వీటిలో పుస్తం అంటే రంగస్థలం కోసం చేసే కృత్రిమ వస్తువులు. కొండలు, వాహనాలు, విమానాలు, డాళ్లు, కవచాలు, ధ్వజాలు దీని కిందికి వస్తాయి. తయారీవిధానాన్ని బట్టి సంధిమం, వ్యాజిమం, వేష్టిమం అని ఇది మూడు రకాలు. చాప, గుడ్డ, తోలు వంటివాటిని అతికి చేసేది సంధిమం. యంత్రయుక్తితో కదిలేది వ్యాజిమం. చుట్టి రూపమిచ్చేది వేష్టిమం.

ఈ అధ్యాయంలో భరతుడు చూపిన ఆచరణదృష్టి విశేషమైనది. ఆభరణాలనూ ఆయుధాలనూ అసలైన లోహాలతో చేయరాదని, బరువువల్ల నటుడు అలసిపోతాడని, లక్క, మైనం, అభ్రకం, గుడ్డ, వెదురు వంటి తేలికపాటి పదార్థాలతో చేయాలని ఆయన నిర్దేశించాడు. రంగస్థలం మీద నిజంగా నరకడం, పొడవడం కూడదని, ఆయుధప్రయోగాన్ని అభినయంతోనే సూచించాలని వేరొక సందర్భంలో నియమించాడు. అనుకృతి, భారం, భద్రత అన్న మూడు ప్రమాణాలూ ఇందులో ఉన్నాయి. ఆధునిక చిత్రనిర్మాణంలో సైనిక సామగ్రి విభాగం నేటికీ తేల్చుకోవలసినవి ఈ మూడే. 2017లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ చిత్రం ‘డన్‌కర్క్’లో సముద్రతీరాన దూరంగా కనిపించే సైనికులలోనూ వాహనాలలోనూ కొన్ని అట్టముక్కలతో కోసిన ఆకారాలు. పాతకాలపు పరిభాషలో అవి సంధిమాలు. ఇటువంటి పోలికను మరీ దూరం లాగకూడదు గాని, డిజిటల్ సాంకేతికత అందుబాటులో ఉన్న కాలంలో కూడా ఒక దర్శకుడు అట్టబొమ్మలవైపు మొగ్గడం గమనించదగినది.

సామగ్రి లభించే మార్గాలు:

పెద్ద ఎత్తున సైనిక సామగ్రి కావలసివచ్చినప్పుడు నిర్మాతలు మొదట ఆశ్రయించేది ఏదో ఒక దేశపు సైన్యాన్నే. సెర్గేయ్ బొందర్‌చుక్ దర్శకత్వం వహించిన ‘వాటర్లూ’ (1970) చిత్రానికి సోవియట్ సైన్యం వేలాది సైనికులను సమకూర్చింది. ‘అపోకలిప్స్ నౌ’ (1979) నిర్మాణంలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం హెలికాప్టర్లను ఇచ్చింది. తమ దేశంలోని తిరుగుబాటుదారులతో పోరు తీవ్రమైనప్పుడల్లా చిత్రీకరణ మధ్యలోనే వాటిని వెనక్కి తీసుకొనిపోయేది. మన దేశంలో 1962 యుద్ధంపై చేతన్ ఆనంద్ తీసిన ‘హకీకత్’ (1964) సైన్యం సహకారంతో లడఖ్‌లో రూపొందింది. సైన్యం సామగ్రి ఇస్తున్నదంటే కథపై కూడా దాని దృష్టి ఉంటుంది. భారతసైన్యం ఇతివృత్తంగా తీసే చిత్రాలకు, వెబ్ సిరీస్‌లకు ముందుగా నిరభ్యంతర పత్రం పొందాలని రక్షణ మంత్రిత్వశాఖ 2020లో సెన్సారు బోర్డుకు లేఖ రాసింది. ట్యాంకు ఉచితంగా వచ్చినా, స్క్రిప్టు రూపంలో దాని మూల్యం చెల్లించవలసి రావచ్చునన్నది ఈ రంగంలో పాతమాటే.

సైన్యంతో ఉన్న మరొక చిక్కు కాలానికి సంబంధించినది. ఏ సైన్యమైనా ఈనాటి ఆయుధాలను ఇవ్వగలదు, నిన్నటివాటిని కాదు. ‘బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్’ (1965) చిత్రాన్ని స్పెయిన్‌లో తీశారు. అక్కడి సైన్యం వద్ద ఉన్న అమెరికన్ ఎం-47 ట్యాంకులే ఆ చిత్రంలో జర్మన్ల కింగ్ టైగర్లుగా కనిపిస్తాయి. ఎం-47కు ‘ప్యాటన్’ అన్న పేరుంది. 1944 డిసెంబరులో జరిగిన ఆ యుద్ధంలోనే జర్మన్లను ఎదుర్కొన్న అమెరికన్ సేనాని జనరల్ ప్యాటన్ పేరది. శత్రువు పాత్రను ఆయన పేరిటి ట్యాంకే పోషించింది.

విమానాల చరిత్ర ఇంకా చిత్రమైనది. ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ (1969) చిత్రానికి జర్మన్ మెసర్‌ష్మిట్ 109 యుద్ధవిమానాలు పెద్ద సంఖ్యలో కావలసివచ్చాయి. జర్మనీలో అవి మిగలలేదు. స్పెయిన్ మాత్రం యుద్ధానంతరం కూడా లైసెన్సు మీద వాటిని తయారుచేసుకొంటూ వచ్చింది. జర్మన్ ఇంజన్లు దొరకకపోవడంతో వాటికి చివరకు బ్రిటిష్ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లను అమర్చారు. బుషోన్ అని పిలిచే ఆ విమానాలే ఆ చిత్రంలో జర్మన్ విమానాలయ్యాయి. ఆకాశంలో ఒకదాన్నొకటి తరిమిన స్పిట్‌ఫైరుకూ మెసర్‌ష్మిట్‌కూ ఆ విధంగా ఒకే ఇంజన్. ముక్కు ఆకారం, ఇంజన్ ధ్వని తెలిసినవారికి తేడా పట్టుబడుతుంది. అయినా రంగంలో ఎగురుతున్న శత్రువిమానాన్ని చూపాలంటే అంతకంటే మెరుగైన దారి లేదు. దాదాపు యాభై ఏళ్ల తరువాత ‘డన్‌కర్క్’లో కూడా బుషోనే జర్మన్ విమానంగా నటించింది. ఆ చిత్రంలో వాటి ముక్కులకు పసుపురంగు వేశారు. ఆ రంగు డన్‌కర్క్ ఘటన తరువాతనే వచ్చింది. ప్రేక్షకుడు శత్రువిమానాన్ని తేలికగా గుర్తించడానికి తెలిసే చేసిన మార్పు అది. తెలియక చేసిన పొరపాటును, తెలిసి తీసుకొన్న స్వేచ్ఛను పరిశోధకుడు ఒకే గాటన కట్టరాదు.

టైగర్ ట్యాంకు: చక్రాలు చెప్పే నిజం

రెండవ ప్రపంచయుద్ధ చిత్రాలలో అత్యధికంగా అనుకరణకు గురైన వస్తువు జర్మన్ టైగర్ ట్యాంకు కావచ్చు. జర్మనీ వీటిని సుమారు 1,350 మాత్రమే తయారుచేసింది. నేడు ప్రపంచంలో మిగిలినవి పదికి లోపే. మరోవైపు సోవియట్ టి-34 ట్యాంకులు పదులవేల సంఖ్యలో తయారై, యుద్ధం ముగిసిన దశాబ్దాల వరకు అనేక దేశాల సైన్యాలలో నడిచాయి. అందువల్ల టి-34పై ఉక్కురేకులతో పెట్టెవంటి పైకప్పు నిర్మించి, టైగర్ ఆకారపు గుండ్రని టరెట్‌ను, పొడవైన ఫిరంగిగొట్టాన్ని అమర్చడం రివాజైంది. యుగోస్లావియాలో తీసిన ‘కెలీస్ హీరోస్’ (1970)లోనూ, స్పీల్‌బర్గ్ ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998)లోనూ కనిపించే టైగర్లు ఈ విధంగా తయారైనవే.

పైభాగాన్ని ఎంత నేర్పుగా మార్చినా కిందిభాగం మారదు. టైగర్‌కు పెద్ద చక్రాలు ఒకదానిపై ఒకటి పొదిగినట్లు రెండు మూడు వరుసల్లో ఉంటాయి. బరువును విస్తృతంగా పంచడానికి చేసిన ఏర్పాటది. టి-34కు ఒక్కొక్క పక్క ఐదు పెద్ద చక్రాలు, వాటి మధ్య ఎడంతో, విడివిడిగా ఉంటాయి. టైగర్ పట్టీని ముందు పళ్లచక్రం లాగితే, టి-34 పట్టీని వెనుకది లాగుతుంది. చక్రాలను మార్చాలంటే ట్యాంకు నడక వ్యవస్థను మొత్తం కొత్తగా నిర్మించాలి. అది సినిమా ఖర్చుకు అందేది కాదు. నిర్మాణంలో మరొక సమస్య కొలతలది. టైగర్ సుమారు 57 టన్నుల బరువుతో మూడున్నర మీటర్ల పైబడిన వెడల్పుగల వాహనం. టి-34 దాదాపు దానిలో సగం బరువు, ఇంకా సన్నం. కాబట్టి అనుకృతిలో టైగర్ నిష్పత్తులు కొంత కుదించుకుపోతాయి. ఛాయాగ్రాహకుడు కెమెరాను కిందినుంచి పైకి చూపడం ద్వారానో, శిథిలాలను ముందు ఉంచి చక్రాలను కప్పడం ద్వారానో ఈ లోపాన్ని దాచగలడు. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ చివరి ఘట్టం కూలిన ఇళ్లు, రాళ్లగుట్టల మధ్య జరగడం కథకు అవసరమే. కళాశాఖకు కూడా అది కలిసివచ్చింది.

2014లో వచ్చిన ‘ఫ్యూరీ’ ఈ సంప్రదాయానికి మినహాయింపు. ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంకు ప్రదర్శనశాలలో ‘టైగర్ 131’ ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలు స్వాధీనం చేసుకొన్న ఈ ట్యాంకు, తన ఇంజన్‌తో నడవగలిగిన ఏకైక టైగర్‌గా పేరుపొందింది. దానిని ఆ చిత్రంలో ఉపయోగించారు. 1950 నాటి ‘దే వర్ నాట్ డివైడెడ్’ తరువాత కథాచిత్రంలో అసలు టైగర్ కనిపించడం అదే మొదటిసారి. ఇక్కడ వస్తు ప్రామాణికత పరిపూర్ణం. కానీ చిత్రంలో నిజమైన టైగర్ పాల్గొన్న పోరాటఘట్టపు యుద్ధతంత్రాన్ని సైనిక చరిత్రకారులు తప్పుపట్టారు. దూరం నుంచే శత్రువును ఛేదించగల ట్యాంకు తన అనుకూలతను వదులుకొని దగ్గరకు రావడం అసహజమని వారి వాదన. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో ట్యాంకు నకిలీదైనా, దాని చుట్టూ పదాతి సైనికులు నడిచే తీరు, సందులలో అది తడుముకొనే తీరు నమ్మదగ్గవిగా ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండవదే ఎక్కువ ప్రామాణికమనిపిస్తుంది. వస్తువు ఎక్కడిదన్న ప్రశ్నకంటే, దానిని ఉపయోగించేవారు దానితో ఏం చేస్తారన్న ప్రశ్న బరువైనది.

‘త్రీ నాట్ త్రీ’: ఒకే పేరు, పలు తుపాకులు

తెలుగు పాఠకులకు అత్యంత పరిచితమైన సైనిక ఆయుధం ‘త్రీ నాట్ త్రీ’. పోలీసు ఠాణాల ముందు కాపలాభటుని చేతిలో తరతరాలుగా చూసిన తుపాకి అది. ఆ పేరు నిజానికి తూటా దూసుకుపోయే గొట్టం లోపలి వ్యాసాన్ని, అంటే 0.303 అంగుళాన్ని సూచిస్తుంది. ఆ తూటాను పేల్చే లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులలో అనేక నమూనాలున్నాయి. చిత్రనిర్మాణంలో జరిగే తప్పులు చాలావరకు వీటిని ఒకటిగా భావించడంవల్ల కలిగేవే.

మొదటి ప్రపంచయుద్ధకాలపు నంబర్ 1 మార్క్ 3 తుపాకికి గొట్టం కొస దాకా కొయ్య కప్పి ఉంటుంది. మూతి మొద్దుగా, పందిముట్టెలా కనిపిస్తుంది. దాని బాయొనెట్ పదిహేడు అంగుళాల పొడవైన కత్తి. రెండవ ప్రపంచయుద్ధకాలపు నంబర్ 4లో గొట్టం కొస కొయ్యను దాటి ముందుకు పొడుచుకువస్తుంది. గురిచూసే పరికరం గొట్టంపైన కాక వెనుక కంటికి దగ్గరగా ఉంటుంది. దాని బాయొనెట్ కత్తిలా కాక మేకులా ఉంటుంది. బ్రిటన్‌లో నంబర్ 4 వచ్చినా, బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం యుద్ధకాలమంతా పాత నంబర్ 1 నమూనానే తయారుచేసింది. కనుక 1940ల నాటి భారతీయ సైనికుని చేతిలో ‘పాత’ తుపాకి ఉండడం దోషం కాదు. చాలా సందర్భాలలో అదే సరైనది.

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. 1962 యుద్ధం తరువాత ఇషాపూర్ కర్మాగారం అదే ఆకృతిలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువైన 2ఏ1 అనే రైఫిల్‌ను తయారుచేసింది. అనేక రాష్ట్రాల పోలీసు బలగాలు దానిని దశాబ్దాలపాటు వాడాయి. దూరం నుంచి చూస్తే అది పాత లీ ఎన్‌ఫీల్డే. దగ్గరకు వస్తే ట్రిగ్గరు ముందున్న మ్యాగజీను గుట్టు చెబుతుంది. పాతదానికి అది అడుగున ఏటవాలుగా ఉంటే, 2ఏ1కు చతురస్రపు డబ్బాలా ఉంటుంది. మనదేశంలో తేలికగా దొరికే నమూనాను బట్టి 1944 నాటి ఇటలీ యుద్ధంలోని సైనికునికి తుపాకి చేయిస్తే, ఆ సైనికుడు ఇంకా పుట్టని ఆయుధాన్ని పట్టుకొన్నట్లవుతుంది. అచ్చు తీసే మూలప్రతిని ఎంచుకొనేటప్పుడే ఈ జాగ్రత్త అవసరం. ఒక తప్పు అచ్చునుంచి రెండువందల రబ్బరు తుపాకులు వస్తే, రెండువందలసార్లు అదే తప్పు తెరకెక్కుతుంది.

స్వాతంత్ర్యోద్యమ చిత్రాలకు ఈ ప్రశ్న మరింత సూక్ష్మంగా వర్తిస్తుంది. 1857 తిరుగుబాటు తరువాత భారతీయులకు బ్రిటిష్ సైనికులకంటే ఒక తరం వెనుకబడిన ఆయుధాలను ఇవ్వడం వలసపాలకుల విధానమైంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేశాడు. అక్కడ దొరికినవి సైన్యం వాడుతున్న సరికొత్త రైఫిళ్లే అయి ఉంటాయని ముందుగానే నిర్ణయించుకోవడానికి ఆధారం లేదు. తాము తీసుకొన్న ఆయుధాల వివరాలను ఠాణా దస్తావేజులలో రాసి రాజు సంతకం చేశాడని చరిత్రకారులు పేర్కొన్నారు. దోచినవాడే జాబితా రాసి ఇచ్చిన ఉదంతం చరిత్రలో అరుదు. రంగసామగ్రి సమకూర్చేవారికి అటువంటి పత్రమూ, దానిపై నడిచిన ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలూ ఏ ఛాయాచిత్రంకంటేనైనా విలువైన ఆకరాలు.

పేలే తుపాకి, పేలని తుపాకి:

ఒక యుద్ధసన్నివేశంలో కనిపించే తుపాకులన్నీ ఒకే తరహావి కావు. కెమెరాకు దగ్గరగా ఉండే ప్రధాన నటుల చేతిలో అసలు తుపాకి, లేదా దాని యంత్రభాగాలను పనిచేయకుండా చేసిన తుపాకి ఉంటుంది. మధ్యవరుసలో కొయ్య, లోహాలతో చేసిన నకళ్లుంటాయి. వెనుకవరుసలోని జనానికీ, దూకి పడే ఫైటర్లకూ రబ్బరు తుపాకులిస్తారు. అసలు తుపాకినుంచి సిలికాన్‌తో అచ్చు తీసి, లోపల లోహపు కడ్డీ ఉంచి, నురగవంటి పాలీయురెథేన్‌ను పోస్తే ఇవి తయారవుతాయి. మీద పడినా దెబ్బ తగలదు. కాని ఇవి చేతిలో తేలికగా ఉండడంతో నటుడు వాటిని కర్రపుల్లలా ఊపుతాడు. నాలుగు కిలోల తుపాకి మోసే భుజం వేరుగా వంగుతుంది. భరతుడు బరువు తగ్గించమన్న చోట, చలనచిత్రం ఆ బరువును నటుని శరీరంలో చూపమంటుంది. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ నటులకు చిత్రీకరణకు ముందు మాజీ సైనికాధికారి డేల్ డై ఆధ్వర్యంలో సైనిక శిక్షణ ఇప్పించింది ఈ కారణంగానే.

పేలుడు చూపవలసివచ్చినప్పుడు బ్లాంకులు వాడతారు. వీటిలో మందు ఉంటుంది, గుండు ఉండదు. లీ ఎన్‌ఫీల్డ్ వంటి తుపాకిలో ప్రతి పేలుడు తరువాతా సైనికుడే బోల్టును లాగి తోస్తాడు కాబట్టి బ్లాంకుతో ఇబ్బంది లేదు. బ్రెన్ వంటి మెషిన్‌గన్ మాత్రం పేలుడువాయువుల ఒత్తిడితో తనంతట తాను తూటాలను ఎక్కించుకొంటుంది. గుండు లేకపోతే ఆ ఒత్తిడి నిలవక వాయువు బయటకు పోతుంది. అందుకని గొట్టంలో సన్నని రంధ్రంగల అడ్డును బిగిస్తారు. అప్పుడు ఒత్తిడి నిలిచి యంత్రం ఆడుతుంది. గుండు లేనంత మాత్రాన బ్లాంకు నిరపాయకరం కాదు. దగ్గరనుంచి వెలువడే నిప్పు, వాయువు ప్రాణం తీయగలవు.

1993 మార్చి 31న ‘ది క్రో’ చిత్రీకరణలో నటుడు బ్రాండన్ లీ మరణించిన తీరు ఈ రంగంలో పాఠంగా చెప్పబడుతుంది. దగ్గరి దృశ్యం కోసం అసలు తూటాలనుంచి మందు తీసివేసి, గుండును తిరిగి అమర్చి డమ్మీలు చేశారు. అడుగునున్న ప్రైమరు మాత్రం అలాగే మిగిలింది. ట్రిగ్గరు నొక్కినప్పుడు ఆ చిన్న నిప్పురవ్వకే గుండు కదిలి గొట్టంలో ఇరుక్కొంది. ఎవరూ గొట్టాన్ని పరీక్షించలేదు. తరువాతి సన్నివేశానికి అదే తుపాకిలో బ్లాంకు వేసి పేల్చగా, ఆ బ్లాంకు బలంతో గుండు బయటకు దూసుకొచ్చింది. విడివిడిగా చూస్తే డమ్మీ, బ్లాంకు రెండూ ‘ఉత్తుత్తివే’. రెండూ కలిసి అసలు తూటా అయ్యాయి.

2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో ‘రస్ట్’ చిత్రీకరణ స్థలంలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించడానికి కారణం డమ్మీల మధ్య కలిసిన నిజమైన తూటా. ఆయుధాల బాధ్యత వహించిన ఆర్మరర్‌కు 2024లో 18 నెలల కారాగారశిక్ష పడింది. డమ్మీ తూటా చూడటానికి అసలు తూటాలాగే ఉండాలి. అదే దాని ప్రయోజనం, అదే దాని ప్రమాదం. అందువల్ల దాని పక్కన చిన్న రంధ్రం చేస్తారు, లేదా లోపల చిన్న ఉక్కుగుండు వేస్తారు. చెవిదగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి. ప్రతి తూటానూ, ప్రతిసారీ, అందరి ఎదుట ఊపి చూడటం ఆర్మరర్ విధి. ఈ రెండు చిత్రాలూ యుద్ధచిత్రాలు కావు. యుద్ధచిత్రంలో తుపాకుల సంఖ్య వందలలో ఉంటుందని గుర్తుంచుకొంటే వాటి ప్రస్తావన ఇక్కడ ఎందుకో తెలుస్తుంది. ‘రస్ట్’ తరువాత కొన్ని నిర్మాణసంస్థలు పేలే తుపాకులను పూర్తిగా మాని, నిప్పును, పొగను డిజిటల్‌గా చేర్చే పద్ధతికి మారాయి. నటుని భుజం వెనక్కి తన్నుకోకపోవడం, కనురెప్ప అదరకపోవడం వంటి కొరతలు అందులో ఉన్నాయి. అవి సహించదగిన కొరతలే.

భారతదేశంలో ఆయుధాల చట్టం 1959 ఈ వ్యవహారానికి హద్దులు గీస్తుంది. లైసెన్సు లేకుండా ఆయుధాన్ని కలిగి ఉండడాన్ని మూడవ సెక్షను, నిషిద్ధ ఆయుధాలను ఏడవ సెక్షను నియంత్రిస్తాయి. నకిలీ తుపాకిని పేలే తుపాకిగా మార్చడానికి కూడా లైసెన్సు కావాలని ఆరవ సెక్షను చెబుతుంది. నకలు ఎంత చక్కగా కుదిరితే ఈ సెక్షనుకు అంత చేరువగా వెళ్లినట్లే.

దుస్తులు, మురికి, జ్ఞాపకం:

సైనికుని దుస్తులలో బట్టకంటే ఎక్కువ శ్రమ తీసుకొనేది దాని అరుగుదల. కొత్తగా కుట్టిన ఖాకీ వేసుకొన్న దళం ఎంత వీరావేశంతో పరుగెత్తినా అద్దె దుస్తుల దుకాణంనుంచి వచ్చినట్లే ఉంటుంది. కుట్టిన దుస్తులను ఉతికి వెలయించడం, మోచేతులు మోకాళ్ల దగ్గర ఇసుకకాగితంతో రుద్దడం, టీ డికాక్షన్‌లో ముంచడం, జేబుల్లో బరువులు వేసి సాగదీయడం వంటి పద్ధతులున్నాయి. తెరమీద కనిపించే యుద్ధధూళిలో అధికభాగం మన ఇళ్లలో ముఖానికి పూసుకొనే ముల్తానీ మట్టే. మురికి ఎక్కడ చేరుతుందో తెలియాలి. పాకిన సైనికునికి మోచేతులూ పొట్టా మాసిపోతాయి. కందకంలో కూర్చొన్నవానికి వీపూ పిరుదులూ మాసిపోతాయి. అందరిమీదా సమానంగా చల్లిన దుమ్ము అబద్ధాన్ని బయటపెడుతుంది.

క్రిష్ దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘కంచె’ తెలుగులో రెండవ ప్రపంచయుద్ధాన్ని కథాస్థలంగా చేసుకొన్న అరుదైన చిత్రం. ఇటలీ రంగాన్ని చూపే దాని యుద్ధభాగాన్ని జార్జియాలో చిత్రీకరించారు. ఆ యుద్ధంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు పాల్గొన్నారు. ఇటలీలో నాలుగవ, ఎనిమిదవ, పదవ భారతీయ డివిజన్లు పోరాడాయి. ఆ సైనికుడు ఎడారినుంచి వచ్చినప్పటి పలుచని ఖాకీతో ఇటలీ చలికాలాన్ని గడపలేదు. మందపు ఉన్ని దుస్తులు తొడిగాడు. నడుముకూ భుజాలకూ 1937 నమూనా నూలుపట్టీలు, వాటికి తూటాల సంచులు ఉండేవి. భుజంమీది డివిజన్ గుర్తు, తలపాగా కట్టు తీరు అతడు ఏ దళంవాడో చెప్పేవి. ఇంగ్లండులో ఇటువంటి వస్తువులను సేకరించేవారు, అద్దెకిచ్చే సంస్థలు, వాటిపై పుస్తకాలు విస్తారంగా ఉన్నాయి. మన ప్రాంతంలో ఆ సైనికుల వస్తువులు ట్రంకుపెట్టెలలో పతకం, పింఛను కాగితం, ఒక ఛాయాచిత్రం రూపంలో మిగిలాయి. ఒక పాత్ర ఛాతీమీద పెట్టే పతకం అలంకారం కాదు. అతడు ఏ రంగంలో ఎన్నాళ్లున్నాడో దాని రిబ్బను రంగులే చెబుతాయి. ‘ఇటలీ స్టార్’ ఉండవలసినచోట ‘బర్మా స్టార్’ ఉంటే ఆ పాత్ర జీవితచరిత్రే మారిపోతుంది.

జలాంతర్గామి లోపల:

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కురుసుర ఉంది. 1969లో భారత నౌకాదళంలో చేరిన ఈ సోవియట్ నిర్మిత ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి 2001లో విరమించగా, 2002లో ప్రదర్శనశాలగా మారింది. అదే తీరానికి కొద్దిదూరంలో సముద్రగర్భాన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలం ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్యరాత్రి అది అందులోని వారందరితో సహా మునిగిపోయింది. సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘ఘాజీ’ ఈ ఘటనను ఆధారంగా తీసుకొని అల్లిన కథ.

జలాంతర్గామి చిత్రానికి వస్తువులు, సెట్టు అన్న భేదం ఉండదు. ప్రతి వాల్వూ, గేజీ, పైపూ నటుని చేతికి అందేవే, కథలో పనిచేసేవే. ఈ విషయంలో ప్రమాణంగా చెప్పుకొనే జర్మన్ చిత్రం ‘దస్ బూట్’ (1981). దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ జలాంతర్గామి లోపలిభాగాన్ని అసలు కొలతలతో నిర్మింపజేసి, ఊగే హైడ్రాలిక్ వేదికపై నిలిపాడు. కెమెరా కోసం గోడలు తొలగించి విశాలంగా చూపే సౌకర్యాన్ని వదులుకొన్నాడు. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో చేతితో పట్టుకొన్న కెమెరాతో ఆ ఇరుకులోనే పరుగెత్తాడు. ఇది పూర్తిగా వ్యాజిమం.

‘ఘాజీ’ కథకు ఒకటి కాదు, రెండు లోకాలు కావాలి. భారత జలాంతర్గామి సోవియట్ నిర్మాణం. ఘాజీ అమెరికాలో 1944లో ‘డయాబ్లో’ పేరుతో జలప్రవేశం చేసి, తరువాత పాకిస్తాన్‌కు చేరిన టెంచ్ తరగతి నౌక. రెండింటికీ పది టార్పెడో గొట్టాలే, ముందు ఆరు, వెనుక నాలుగు. కాని లోపలి అమరిక, పరికరాల ముఖాలు, ద్వారాల ఆకారం రెండు వేర్వేరు ఇంజనీరింగు సంప్రదాయాలకు చెందినవి. మొదటిదానికి నమూనా నగరం నడిబొడ్డున టిక్కెట్టు కొని చూడగలిగేంత దగ్గరలో ఉంది. రెండవది నీటి అడుగున ఉంది. దాని తరగతి నౌకల నక్షాలు, ఛాయాచిత్రాలే శరణ్యం. కురుసురలోకి వెళ్లే సందర్శకులకు టార్పెడో గదిలోనూ నియంత్రణ గదిలోనూ నావికుల దుస్తుల్లో నిలబెట్టిన బొమ్మలు కనిపిస్తాయి. సెట్టులో మనుషులు నిజమై నౌక నకిలీ అయితే, ఇక్కడ నౌక నిజమై మనుషులు నకిలీ. సందర్శకులలో చాలామంది ఆ బొమ్మల పక్కన నిలబడి ఛాయాచిత్రాలు తీయించుకొంటారు.